కాకి - తాటిపండు - మంచుచరియ

మన సీమలో మంచు అను మాటకు బరువు లేదు. మార్గశిర పుష్య మాసములలో వేకువజామున వేరుసెనగ చేలపైనను, మామిడితోటలపైనను తెల్లగా పేరుకొని, పొద్దు బారెడెక్కునప్పటికి ఆరిపోవు చిరుతేమను మనము మంచు అందుము. దారి కానరాకుండ కమ్ముకొను పొగను మంచు అందుము. వేసవిలో పానీయములు చల్లబరచుటకు రంపపుపొట్టులో దాచి తెచ్చు గడ్డను కూడ మంచు అనియే అందుము. హిమాలయములలో ఇండ్లను, శిబిరములను, మనుష్యులను నిమిషములో పూడ్చివేయుదానికిని మన వాడుకలో ఇదే మాట. మాట ఒక్కటే అగుటచేత కాబోలు, ఆ మంచు ఎంత బరువైనదో మనకు సులభముగా తోచదు.

లెక్క వేసి చూడుడు. గాలికి గట్టిపడిన మంచు ఘనమీటరు ఒక్కింటికి సుమారు 250 కిలోగ్రాములు తూగును. ఒక ఎకరము వాలుపై అది ఒక మీటరు మందమున పరచుకొనియున్నచో దాని బరువు సుమారు వేయి టన్నులు. పది టన్నుల బరువుగల బండ్లను నూరింటిని ఆ ఎకరములో పేర్చినట్లే. అంతటి బరువు కొండవాలుపై ఏ ఆధారమున నిలిచియున్నది, ఎప్పుడు జారును, జారకముందు ఏమైన గుర్తులు చూపునా అను ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ఎండకు పగిలిన ఎర్రనేల, పాలకొండలు, శేషాచలపు అడవులు - వీని నడుమ పెరుగు రాజంపేట విద్యార్థికి ఈ ప్రశ్నలతో పని ఏమి అని అడుగవచ్చును. పని కలదు. మన రాయలసీమ బిడ్డ ఒకడు ఆ మంచుక్రింద ప్రాణము విడిచెను. మన తీరమున ఒడ్డెక్కిన తుపాను ఒకటి, రెండు దినములు గడచునప్పటికి నేపాళమున మంచై కురిసి పలువురిని బలిగొనెను. మంచుచరియ జారు తీరునకు పోలికయైన సంగతియే 2021లో మన చెయ్యేటియందు నీటి రూపమున కానవచ్చెను. ఈ మూడింటిని ఒక వరుసలో పెట్టి చూచినచో కొండ వాతావరణము మనకు పరాయి విషయము కాదని తెలియును.

సియాచిన్‌లో సీమ సిపాయి

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమనదముపై, సముద్రమట్టమునకు సుమారు 19,600 అడుగుల ఎత్తున గల సోనమ్ అను స్థావరముపై మంచుగోడ విరిగిపడెను. అచ్చట కాపలాయున్న 19వ మద్రాసు బెటాలియన్ శిబిరములోని పదిమంది దానిక్రింద చిక్కుకొనిరి. సైనికులు వేటకుక్కల సాయమునను, భూమిలోపలి వస్తువుల జాడ తీయు యంత్రముల సాయమునను దినముల తరబడి మంచును కోయుచు వెదకిరి. ఆరవ దినమున లాన్స్ నాయక్ హనుమంతప్ప ఊపిరితో కానవచ్చెను. దేశమంతయు అతని కొరకు ప్రార్థించెను. ఫిబ్రవరి 11న అతడును ఢిల్లీలోని సైనిక వైద్యశాలలో కన్నుమూసెను. తక్కిన తొమ్మండుగురిలో ఒకడు సిపాయి ముస్తాక్ అహమ్మద్. అతని ఊరు నాటి కర్నూలు జిల్లా బండి ఆత్మకూరు మండలములోని పార్నపల్లె.

ఆ పదిమంది కర్ణాటక, తమిళనాడు, కేరళ, ఆంధ్ర, మహారాష్ట్ర రాష్ట్రములవారు. ధార్వాడ, హాసన్, మదురై, తేని, కొల్లము, సాతారా, కర్నూలు - వారి జిల్లాల పేర్లివి. వీనిలో మంచు కురియునది ఒక్కటియు లేదు. ఎండసీమలలో పుట్టినవారు దేశరక్షణకై మంచుసీమలకు పోవుచున్నారు. మన పాఠశాలల నుండి ఏటేట ఎందరో యువకులు సైన్యమున చేరుచున్నారు. మరికొందరు సెలవులలో హిమాలయ శిఖరములు చూడ పోవుచున్నారు. కావున మంచుచరియ సంగతి మన పాఠములలోనిది కాదనుకొనుట ఇంక తగదు.

తొడిమ ఎప్పుడు వదులయ్యెను?

మన తర్కమున కాకతాళీయ న్యాయము అని ఒకటి కలదు. కాకి వచ్చి తాటిచెట్టుపై వాలెను. అదే క్షణమున పండు రాలెను. కాకి వాలుటచేతనే పండు పడినదని చూచినవాడు అనుకొనును. అవి రెండును కలిసివచ్చిన సంఘటనలేగాని ఒకటి రెండవదానికి కారణము కాదని తార్కికులు చెప్పుదురు. మంచుచరియల శాస్త్రము ఈ న్యాయమునకు చిన్న సవరణ చేయుచున్నది. కాకి బరువు పండుపై కొంత పడిన మాట నిజమే. అయినను తొడిమ అంతకుముందే వదులైయున్నది. తెలిసికొనవలసినది కాకి ఎప్పుడు వాలెనని కాదు, తొడిమ ఎప్పుడు వదులయ్యెనని.

కొండపై మంచు ఒక్క దినమున కూడదు. శీతకాలారంభమున పడిన తొలిమంచు పలుచగా నేలను కప్పును. తరువాత మబ్బులేని చలిరాత్రులు వచ్చును. మంచు అడుగున నేల కొంత వెచ్చగా ఉండును. పైన గాలి మిక్కిలి చల్లగా ఉండును. ఈ భేదమువలన అడుగునుండి ఆవిరి పైకి సాగుచు, మంచురేణువుల రూపమును మార్చును. అవి ఒకదానితో ఒకటి అంటుకొనక పంచదార పలుకులవలె విడివిడిగా అగును. దోసిట తీసికొనినచో వ్రేళ్లసందున జారిపోవును. ఇదియే వదులైన తొడిమ.

పిమ్మట పెద్ద మంచువాన కురియును. గాలి ఆ మంచును కొండ ఒక ప్రక్కనుండి లేపి, గాలి తగులని రెండవ ప్రక్క వాలుపై చేర్చి గట్టిగా అదుమును. ఆకాశమునుండి పడుదానికంటె గాలి తెచ్చి పోయుదానివలన ఒక వాలుపై మంచు ఎన్నో రెట్లు త్వరగా పెరుగును. ఇట్లు పంచదారవంటి బలహీనపు పొరపై బిగువైన పలక ఒకటి ఏర్పడును. పైనుండి చూచువానికి అది నున్నగా, తెల్లగా, అందముగా కానవచ్చును. లోపలి సంగతి కంటికి తెలియదు.

సన్నని గుంజలపై వేసిన పందిరిని తలచుకొనుడు. కప్పుపై ఒక్కొక్క మోపు పడుచున్నను గుంజలు ఓర్చును. ఓర్పు ముగిసి ఒక గుంజ విరిగినంతనే దాని బరువు ప్రక్క గుంజపై పడును, అదియు విరుగును, రెప్పపాటులో పందిరి అంతయు కూలును. బలహీనపు పొరయందు ఒకచోట పుట్టిన విరుపు అట్లే వాలు అంతట వ్యాపించును. అప్పుడు పైపలక ఒక్కపెట్టున జారి గంటకు వంద కిలోమీటర్లను మించిన వేగమును కూడ అందుకొనును. విహారమునకు పోయి ప్రమాదమున చిక్కినవారి విషయములో పదింట తొమ్మిదిమారులు ఆ తుది బరువు బాధితునిదో, అతని తోటివారిదో అయియుండునని అనుభవజ్ఞులు లెక్కించిరి. అనగా కాకి మరెవరో కాదు, నడచుచున్న మనమే.

ఏ వాలు ప్రమాదకరమో తెలిసికొనుటకు విద్యార్థి చేతిలోని జ్యామితి పెట్టెయే చాలును. దానిలోని రెండు మూలమట్టములు చూపు 30 డిగ్రీలు, 45 డిగ్రీలు - ఈ రెండు కోణముల నడుమనున్న వాలులపైననే పలకలు మిక్కుటముగా జారును. అంతకంటె చదునైనచో మంచు సామాన్యముగా నిలుచును. అంతకంటె నిటారుగా ఉన్నచో మంచు కూడక పడినది పడినట్లే కొద్దికొద్దిగా రాలిపోవును. ఇంకొక సంగతి కలదు. మనము నిలిచిన చోటు చదునుగా ఉన్నంత మాత్రమున భయము తీరదు. పైవాలున జారినది క్రిందికే వచ్చును. లోయ అడుగున నడచువాడు సైతము తలయెత్తి పైవాలును చూడవలెను.

కొండ తన సంగతిని పూర్తిగా దాచదు. ప్రక్క వాలున నిన్నో మొన్నో జారిన చరియ జాడ యున్నచో అది మొదటి గుర్తు. అడుగుపెట్టినంతనే మంచులో చీలికలు పారుట రెండవది. కాలిక్రింద మంచు కుంగి, బరువైన మూటను నేలపై వేసినట్లు గుమ్మను చప్పుడు వినబడుట మూడవది. ఒక దినములో పెద్దగా మంచు పడుటయు, బలమైన గాలి వీచుటయు, చలి హఠాత్తుగా తగ్గి ఎండ కాయుటయు, మంచుపై వాన పడుటయు తక్కిన గుర్తులు. వీనిలో ఏ ఒక్కటి కానవచ్చినను ఆ వాలును విడిచి మరలుటయే వివేకము.

హుద్‌హుద్ విశాఖలో ముగియలేదు

కొండమీది వాతావరణమునకు కొన్ని నియమములు కలవు. ఎత్తు వేయి మీటర్లు పెరిగినప్పుడెల్ల వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గును. రాజంపేటలో 30 డిగ్రీల వేడిగానున్న నాడు ఆ లెక్కన ఐదువేల మీటర్లు పైకి పోయినచో నీరు గడ్డకట్టు స్థితికిని దిగువనుందుము. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సగమే. గాలి వీచినకొలది దేహము వేడిని మరింత త్వరగా కోల్పోవును. ప్రొద్దుట నిర్మలముగానున్న ఆకాశము మధ్యాహ్నము దాటునప్పటికి మబ్బులతో నిండును. అందుచేతనే కొండనెరిగినవారు చీకటితో బయలుదేరి మధ్యాహ్నమునకు దిగిరాజూతురు. డిసెంబరు మొదలు మార్చి వరకు మధ్యధరా సముద్రపు దిక్కునుండి వచ్చు పశ్చిమపు అలజడులు కాశ్మీరము, హిమాచలము, గఢ్వాలు కొండలపై మంచు కురిపించును. అయినను హిమాలయపు మంచు అంతయు పడమటినుండియే రాదు. మన బంగాళాఖాతమునకును దానిలో వంతు కలదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద ఒడ్డెక్కెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున గాలి వీచెను. నగరములోని చెట్లు వేళ్లతో కూలెను. విమానాశ్రయము పాడయ్యెను. మరునాటికి తీరమున గాలి తగ్గెను. మన దృష్టిలో తుపాను కథ ముగిసెను. ఆకాశమున మాత్రము అది ముగియలేదు. బలము తగ్గినను తేమను మోసికొనుచు ఆ మేఘమండలము ఉత్తరమునకు సాగి, అక్టోబరు 14న నేపాళములోని అన్నపూర్ణ, ధవళగిరి పర్వతములను తాకెను. సముద్రతీరమున వానగా కురిసినదే అచ్చట మంచుగా కురిసెను. అర్ధదినములో సుమారు ఆరడుగుల మంచు పడిన తావులు కలవు.

అక్టోబరు మాసము నేపాళ పర్వతములలో పాదచారులకు మిక్కిలి అనుకూలమైన కాలము. వానలు వెనుకబడి ఆకాశము తేటగా ఉండును. అందుచేత ఆ దినమున 5,416 మీటర్ల ఎత్తుగల థోరాంగ్ కనుమను దాటుటకు నానాదేశములవారు, వారి సామాను మోయు నేపాళీయులు వందలకొలది బయలుదేరియుండిరి. మంచు కన్ను కనిపించనీయలేదు. దారి గుర్తులు పూడిపోయెను. వాలులనుండి చరియలు జారెను. కనుమపైనున్న చిన్న టీకొట్టులో అనేకులు తలదాచుకొనిరి. మంచువానలోనే దిగ ప్రయత్నించినవారిలో పలువురు దారి తప్పి చలికి, మంచుకు బలియైరి. ఆ ప్రాంతమున మొత్తము 43 మంది మరణించిరి.

హుద్‌హుద్ విశాఖను తాకిన వార్త లోకమంతయు ఎరుగును. ఆ రెండు దినములలో అది ఎటు పోవుచున్నదో ఉపగ్రహ చిత్రములు చూపుచునే యుండెను. థోరాంగ్ కనుమ ఎక్కువారికి మాత్రము ఆ కబురు తగిన విధమున అందలేదు. ఆకాశము ముందుగా తెలిపెను. మనుష్యులలో దానిని మోసికొనిపోయి చెప్పువాడు కొరవడెను.

మన వెలికొండలకు ఆవలి ప్రక్కన, నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు కథయు ఇచ్చట చెప్పదగినది. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఆ యువకుడు 2006లో 172 దినములలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను అధిరోహించెను. మంచును, గాలిని అతనికంటె బాగుగా ఎరిగిన తెలుగువాడు ఆనాడు ఉండెనని చెప్పజాలము. అట్టివాడు 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలో చిలీ, అర్జెంటీనా దేశముల సరిహద్దుననున్న సెరో ట్రెస్ క్రూసెస్ సుర్ అను శిఖరముపైకి ఒంటరిగా పోయి, వాతావరణము ప్రతికూలించగా తిరిగిరాలేదు. ఏప్రిల్ మొదటి వారమున అతని దేహము కనుగొనబడెను. ప్రావీణ్యము మనుష్యుని కొండకు యోగ్యునిగా చేయునే గాని, వాతావరణముపై అధికారము ఇయ్యదు.

మంచున కూరుకొనిపోయినవాని విషయములో కాలమే సర్వస్వము. మొదటి పది పదిహేను నిమిషములలో వెలికితీయబడినవారిలో పెక్కుమంది బ్రతుకుదురు. అరగంట దాటునప్పటికి బ్రతికియుండువారు కొద్దిమందియే. దూరమునుండి సహాయము వచ్చులోగా ఆ గడువు మించిపోవును. కనుక రక్షింపగలవారు ప్రక్కనున్న తోటివారే. అందుకొరకే మంచువాలులపై తిరుగువారు ప్రతి ఒక్కరును మూడు వస్తువులను వెంట ఉంచుకొందురు: తానున్న చోటును సంకేతముల ద్వారా తెలుపు చిన్న రేడియో పరికరము, మంచులో గ్రుచ్చి వెదకు పొడవైన కడ్డీ, త్రవ్వుటకు పార. ప్రమాదపు వాలును దాటవలసివచ్చినప్పుడు గుంపుగా పోక ఒక్కొక్కరే దాటుదురు. ఒకరు దాటుచుండగా తక్కినవారు కన్ను మరల్చక చూచుచుందురు. ఇవన్నియు ప్రమాదము జరిగినపిదప ఉపకరించునవి. జరుగకుండ కాపాడునది ముందుగా అందిన కబురు ఒక్కటియే.

చెయ్యేరు

ఇంక మన ఊరి సంగతికి వత్తము. మంచులేని కొండ అపాయములేని కొండ కాదు. పించ, బాహుదా నదులు కలిసి చెయ్యేరగును. శంఖుని తమ్ముడైన లిఖితుడు అన్న ఆశ్రమములోని పండ్లను అనుమతి లేక తినినందున రాజదండనచే చేతులు పోగొట్టుకొనెననియు, బాహుదా నదిలో మునిగి వానిని తిరిగి పొందెననియు భారతములోని కథ. చేతులిచ్చిన ఏరు గనుక చెయ్యేరైనదని మన పెద్దలు చెప్పుదురు. తాళ్లపాక, నందలూరు ప్రాంతములకు అన్నము పెట్టిన ఏరు అది. ఏటిలో ఎక్కువ కాలము ఇసుకయే కానవచ్చును. అందుచేతనే దాని బలము మనకు మరపునకు వచ్చును.

2021 నవంబరు మాసమున రాయలసీమపై వానలు విడువక కురిసెను. ఆ నెల 11వ తేదీన ఒక వాయుగుండము చెన్నై సమీపమున తీరము దాటెను. కొండలు తడిసెను, చెరువులు నిండెను, నేల ఇంక నీరు త్రాగజాలని స్థితికి వచ్చెను. వారము గడచినంతనే మరియొక వాయుగుండము 19వ తేదీ వేకువజామున పుదుచ్చేరి, చెన్నైల నడుమ తీరము దాటెను. శేషాచలము, పాలకొండల పరిసరములలో కుండపోతగా వాన కురిసెను. ఎగువన పించ జలాశయపు కట్ట తెగెను. బాదనగడ్డవద్ద చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయమునకు సెకనుకు సుమారు 3 లక్షల 20 వేల ఘనపుటడుగుల వరద వచ్చెనని ప్రభుత్వము తెలిపెను. లీటర్లలో చెప్పవలెనన్నచో సెకనుకు సుమారు 90 లక్షల లీటర్లు. తలుపుల ద్వారా దిగువకు విడువగలిగినది 2 లక్షల 17 వేల ఘనపుటడుగులు మాత్రమే. తెల్లవారుజామున నీరు కట్టపైనుండి పొర్లి మట్టికట్టను కోసివేసెను.

ఆ దినము కార్తిక పౌర్ణమి. పులపుత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు గ్రామములపై నీరు విరుచుకొనిపడెను. ఇండ్లు, పశువులు, పంటపొలములు కొట్టుకొనిపోయెను. పచ్చని పొలములపై ఇసుక మేటలు వేసెను. రాజంపేట, నందలూరుల నడుమ రైలుకట్ట తెగెను. నందలూరుకడ ఆర్టీసీ బస్సులు ప్రవాహమున చిక్కుకొనెను. పదులకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. తగిన హెచ్చరిక ముందుగా అందలేదని గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. జలాశయపు అయిదు తలుపులలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి ఆ డిసెంబరులో రాజ్యసభలో చెప్పెను. అది ఊహకందని వరద అని రాష్ట్రప్రభుత్వము వాదించెను.

ఈ వృత్తాంతమును మంచుచరియ పాఠముతో పోల్చి చూడుడు. తొలివానలు బలహీనపు పొరవంటివి. అవి నేలను నింపి, చెరువులను నింపి, కట్టలను తడిపి తొడిమను వదులు చేసెను. తుది రాత్రి వాన మీది పలకవంటిది. ఆ వాన ఒక్కటే కురిసి, అంతకుముందు నేల ఎండియున్నచో కొంత నీటిని భూమియే త్రాగియుండును. కొంత చెరువులలో నిలిచియుండును. అట్లు కాలేదు. తుది రాత్రి వానను మాత్రమే చూచువాడు ఇది దైవికము అనును. అంతకుముందరి మూడు వారములను కూడ చూచువాడు పండు పండియున్నదని గ్రహించును.

కాకతాళీయము అను మాటను మనము తరచుగా బాధ్యతనుండి తప్పించుకొనుటకు వాడుచున్నాము. ఏమి చేయుదుము, అనుకొనకుండ జరిగినది అందుము. కొండ విషయములో ఆ మాట సాధారణముగా చెల్లదు. మంచుయందును, నీటియందును కూడిక కొన్ని దినములుగా, కొన్ని వారములుగా కనుల యెదుటనే జరుగుచుండును. దానిని కొలుచుట సాధ్యము. కొలిచినది చెప్పుటయు సాధ్యము. చెప్పవలసినవారు చెప్పనిచో ఆ లోపము కాకిది కాదు.

మూడు ప్రశ్నలు

కొండదారిన పోవువాడు బయలుదేరుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: గడచిన దినములలో పైన ఏమి కూడెను? ఇప్పుడు ఆకాశము ఎట్లున్నదని అడుగుట చాలదు. నిర్మలమైన ఆకాశముక్రిందనే మంచుచరియలు జారుచుండును. తలపై చినుకు లేకున్నను, ఎగువ కొండలలో కురిసిన వానకు ఏరు పొంగును. రెండవది: నాకు పైన ఏమున్నది? మంచుసీమలో అది వాలు. మన సీమలో అది వాగు, చెరువుకట్ట, జలాశయము. మూడవది: నాకు కబురు చెప్పువారెవరు, నేను పోవుచున్న సంగతి ఎవరికి తెలియును? ఈ మూడవ ప్రశ్నకు సమాధానము లేనివాడు ఎంత ధైర్యశాలి అయినను ప్రయాణము మానుకొనుట మేలు.

శేషాచలపు అడవిదారులకును ఈ ప్రశ్నలు వర్తించును. తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు బాల్యముననే కాలినడకను తిరుమల చేరెనని ప్రసిద్ధి. నేటికిని భక్తులు, విహారయాత్రికులు ఆ కొండలలోని తీర్థములకు పోవుచున్నారు. వేసవిలో మోకాలిలోతు లేని కొండవాగు కార్తికమాసపు వానలో గడియలోపల మనిషిని ఎత్తుకొనిపోగలదు. మట్టినీరు, కొట్టుకొనివచ్చు ఆకులు, రెమ్మలు, ఎగువనుండి వినవచ్చు హోరు - ఇవి మన కొండలు చూపు గుర్తులు. వాగు నడుమ నిలిచి వానిని గుర్తించుటకంటె, ఒడ్డుననే గుర్తించి ఎత్తైన చోటున ఆగుట మేలు.

కబురు తెలుపు ఏర్పాట్లు లేకపోలేదు. మంచుచరియల పరిశోధనకై 1969లో మనాలిలో ఒక సంస్థ స్థాపింపబడెను. 2020లో అది మరియొక రక్షణ పరిశోధనశాలతో కలిసి చండీగఢ్ కేంద్రముగా నూతన సంస్థగా ఏర్పడెను. హిమాలయ ప్రాంతములకు అది మంచుచరియల హెచ్చరికలు వెలువరించుచున్నది. అనేక దేశములలో ఈ ప్రమాదమును అయిదు మెట్లుగా విభజించి చెప్పుదురు. వీనిలో మూడవ మెట్టు మోసకరమైనది. నాలుగవ, అయిదవ మెట్ల నాడు జనులు భయపడి ఇంటనుందురు. మూడవదాని నాడు పరవాలేదని బయలుదేరుదురు. అందువలన మరణములలో పెద్దభాగము ఆ మెట్టునందే సంభవించుచున్నది. మన వాతావరణశాఖ వానలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఇచ్చుచున్నది. పసుపును చూచి పరవాలేదనుకొనుట మూడవ మెట్టును చూచి పరవాలేదనుకొనుట వంటిదే.

పాఠశాలలో ఏమి చేయవచ్చును? మంచు లేనిచోట మంచును నేర్చుట అసాధ్యము కాదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరము చేరిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పదునాలుగు ఏండ్లు నిండలేదు. భువనగిరి బండలపై మొదలైన వారి శిక్షణ డార్జిలింగులోను, లడక్ చలిలోను సాగెను. ఆ ఏడు ఏప్రిల్ 18ననే ఎవరెస్టు నేపాళ పార్శ్వమున మంచుగడ్డలు విరిగిపడి పదునారుగురు నేపాళీయ కార్మికులు మరణించిరి; ఈ బాలలు టిబెట్టు పార్శ్వమునుండి ఎక్కిరి. సాహసము వెనుక ఎంత క్రమశిక్షణ కలదో విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అక్కరలేదు.

శిఖరము లెక్కని పాఠశాల సైతము వానమానిని పెట్టుకొనవచ్చును. ప్రక్కలు నిటారుగానున్న డబ్బా ఒకటి, కొలబద్ద ఒకటి చాలును. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి నల్లబల్లపై వ్రాయవలెను. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. నూరు మిల్లీమీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు కొండపై కురిసినచో పదికోట్ల లీటర్లు. ఈ లెక్క చేసిన విద్యార్థికి ఏరు ఎందుకు పొంగునో వేరుగా చెప్పనక్కరలేదు. నేటి అంకె ప్రక్కన గడచిన పది దినముల మొత్తమును కూడ వ్రాయించుట ముఖ్యము. నేటి అంకె కాకి. పదిదినముల మొత్తము పండు. ఎగువ ఊరి పాఠశాల తన అంకెను దిగువ ఊరి పాఠశాలకు దినదినము ఫోనుచేసి తెలుపుట అలవాటైనచో, అది ప్రభుత్వపు హెచ్చరికకు బదులు కాకున్నను, దానిని వినుటకు ఊరిని సిద్ధముచేయును.

పార్నపల్లె సిపాయి, థోరాంగ్ కనుమ యాత్రికులు, పులపుత్తూరు గ్రామస్థులు ఒకరినొకరు ఎరుగరు. వారు నిలిచిన నేలలు వేరు, భాషలు వేరు. అందరికిని పైన, వారి కంటికి కనబడనిచోట, ఏదో ఒకటి దినదినము బరువెక్కుచుండెను. దానిని చూడగల సాధనములు నేడు మనుష్యజాతికి కలవు. చూచినదానిని క్రిందనున్నవానికి వేళకు చెప్పు అలవాటును మాత్రము మనము ఇంక నేర్చుకొనవలసియున్నది. రాబోవు కార్తికమునకు ముందే ఆ పనికి పూనుకొనుట మంచిది.